గర్భవతికి నిద్ర పట్టని రాత్రులు



ఈ నెల ఈ శీర్షికలో చిన్నదిగా కనిపించే ఒక విషయము వ్రాస్తున్నాము. చిన్నదని ఎందుకంటున్నామంటే, ఇంట్లో ఎవరూ దానిని లెక్కలోనికి తీసుకోరు. కడుపుతో ఉన్న కోడలు "అత్తయ్యా, రాత్రంతా నిద్ర లేదు" అంటుంది. "మేము కనలేదా తల్లీ, ఈ నెలల్లో అంతే" అని అత్తగారు ఒక మాటతో సరిపెడతారు. కోడలు మళ్ళీ ఆ మాట ఎత్తదు. తెల్లవారగానే లేచి వాకిలి ఊడ్చుకొంటుంది.

గృహదర్శనములకు వెళ్ళినప్పుడు "ఎలా ఉన్నావమ్మా?" అని మేము అడిగితే "బాగానే ఉన్నానయ్యగారూ" అనే జవాబు వస్తుంది. పాస్టరమ్మగారు వంటింట్లో పీట వేసుకొని కూర్చొని అడిగితే గాని అసలు సంగతి బయటికి రాదు. ఆ విధముగా గాజువాకలోను, పెదగంట్యాడలోను, చుట్టుపక్కల పల్లెలలోను విన్నవాటిని, తెలిసిన డాక్టరమ్మలను, నర్సులను అడిగి తెలుసుకొన్నవాటిని కలిపి ఇక్కడ వ్రాస్తున్నాము. ఇది వైద్యమునకు బదులు కాదు. ఎప్పుడు ఓర్చుకోవచ్చో, ఎప్పుడు ఒక్క గంట కూడా ఆగకూడదో తెలుసుకొనుటకు మాత్రమే.

విశాఖలో రాత్రి

మన పట్టణము రాత్రి పూర్తిగా పడుకొనే పట్టణము కాదు. 1933లో ఓడరేవు తెరిచినప్పటి నుండి ఓడ వచ్చిన వేళకు పని చేసే మనుషులు ఇక్కడ ఉన్నారు. 1992లో ఉక్కు కర్మాగారమును జాతికి అంకితము చేశారు. చీకటి పడిందని బ్లాస్ట్ ఫర్నేసును చల్లార్చరు గదా! ఏ షిఫ్టు, బి షిఫ్టు, సి షిఫ్టు అని మగవారి నిద్ర వారము వారము మారుతూ ఉంటుంది. ఆ మార్పు ఇంట్లో ఉన్న భార్యకు కూడా అంటుకొంటుంది. భర్త సి షిఫ్టుకు వెళ్ళిన రాత్రి ఆమె ఒంటరిగా తలుపు గడియ చూసుకొంటూ మేలుకొని ఉంటుంది. ఉదయము ఆయన వచ్చి పడుకొంటే, ఒకే గది ఇంట్లో గిన్నె చప్పుడు కాకుండా పని చేసుకొంటుంది. రాత్రి నిద్ర లేదు, పగలు నడుము వాల్చే చోటు లేదు.

దీనికి తోడు సముద్రపు గాలిలోని తేమ. వేసవిలో ఫ్యాను తిరుగుతున్నా చెమట ఆరదు. కడుపుతో ఉన్న స్త్రీ శరీరము మామూలు కంటే కొంచెము వేడిగా ఉంటుంది గనుక ఆమెకు ఆ ఉక్క రెండింతలు.

కొన్ని రాత్రులు ఈ పట్టణము మరచిపోలేదు. 2014 అక్టోబరు 12వ తేదీ, ఆదివారము, హుద్‌హుద్ తుఫాను మన తీరమును తాకినప్పుడు కరెంటు లేక, నీళ్ళు లేక ఎన్ని రోజులు గడిచాయో మనకు తెలుసు. 2020 మే 7వ తేదీన తెల్లవారుజామున సుమారు మూడు గంటల వేళ, ఆర్.ఆర్. వెంకటాపురములోని ఎల్.జి. పాలిమర్స్ నుండి స్టైరీన్ ఆవిరి బయటికి వచ్చి, పన్నెండు మంది చనిపోయారు. నిద్రలో ఉన్నవారు లేచి పిల్లలను ఎత్తుకొని పరుగెత్తారు. అటువంటి రాత్రిని చూసిన స్త్రీ తరువాత గర్భవతి అయితే, ఏ చిన్న వాసన వచ్చినా, ఏ సైరను మ్రోగినా ఉలిక్కిపడి లేస్తుంది. దానిని పిరికితనము అనకూడదు. గాయపడిన మనసు కాపలా కాస్తూ ఉంటుంది.

నిద్ర ఎందుకు పట్టదు?

మొదటి మూడు నెలలలో ఒక విచిత్రము ఉన్నది. పగలంతా మత్తుగా ఉంటుంది, రాత్రి మెలకువ వస్తుంది. గర్భమును నిలిపే ప్రొజెస్టిరాన్ అనే హార్మోను పెరగడము వలన పగలు కళ్ళు మూతలు పడతాయి. అదే సమయములో మూత్రపిండములకు రక్తము ఎక్కువగా చేరుతుంది గనుక మూత్రము ఎక్కువగా తయారవుతుంది, రాత్రి రెండు మూడు సార్లు లేవవలసి వస్తుంది. వేవిళ్ళు సరే సరి. పగలు కునికిపాట్లు పడే కోడలిని చూసి "సోమరితనము" అనే పెద్దలు ఈ సంగతి తెలుసుకోవాలి.

నాలుగు నుండి ఆరు నెలల వరకు చాలామందికి కొంత నెమ్మది. ఏడవ నెల నుండి మళ్ళీ కష్టము మొదలవుతుంది. పెరిగిన గర్భసంచి మూత్రాశయమును నొక్కుతుంది. జీర్ణాశయము పైనున్న కండరము హార్మోను వలన సడలి, పడుకోగానే పులుపు గొంతులోనికి ఎగదన్నుతుంది. నడుము లాగుతుంది. అర్ధరాత్రి పిక్కలు రాయిలా పట్టేస్తాయి. తల్లి కదలిక ఆపి పడుకొన్నప్పుడు బిడ్డ తన్నులు ఎక్కువగా తెలుస్తాయి. లోపల బిడ్డకు తన నిద్ర, తన మెలకువ ఉన్నాయి. అవి తల్లి గడియారమును చూసి నడవవు.

మరొకటి ఉన్నది. దీనికి చాలామందికి పేరు కూడా తెలియదు. పడుకోగానే కాళ్ళలో ఏదో పురుగు ప్రాకినట్లు, లోపల లాగినట్లు ఉండి, కాళ్ళు కదిపితే గాని ఊరట ఉండదు. లేచి నాలుగడుగులు వేస్తే తగ్గుతుంది, మళ్ళీ పడుకొంటే వస్తుంది. చాలాసార్లు దీని వెనుక ఇనుము లోపము ఉంటుంది. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము మన దేశములో గర్భిణులలో వందకు 52 మందికి రక్తహీనత ఉన్నది. ఉక్కునగరపు నీడలో బ్రతికే మన స్త్రీల రక్తములో ఇనుము చాలకపోవడము ఎంత విచారము! కాళ్ళు ఇలా ఉంటే డాక్టరుతో తప్పక చెప్పి రక్త పరీక్ష చేయించుకోవాలి. ప్రభుత్వము ఇచ్చే ఇనుము, ఫోలిక్ ఆమ్లము కలిసిన మాత్ర రోజుకు ఒకటి చొప్పున, నాలుగవ నెల నుండి కనీసము 180 రోజులు వేసుకోవాలి, కాన్పు తరువాత కూడా మరి 180 రోజులు. మాత్రతో టీ త్రాగితే ఇనుము ఒంటికి పట్టదు. నిమ్మరసముతో గాని, ఉసిరితో గాని తీసుకొంటే బాగా పడుతుంది. కాల్షియము మాత్రను, ఇనుము మాత్రను ఒకేసారి వేసుకోకూడదు. వాటి మధ్య కనీసము రెండు గంటల ఎడము ఉండాలి. మలము నల్లగా వస్తే భయపడి మాత్రలను అటక మీదికి ఎక్కించవద్దు, అది మామూలే.

ఎటు తిరిగి పడుకోవాలి?

ఈ ప్రశ్న మమ్ములను చాలామంది అడిగారు. ఏడవ నెల, అనగా 28 వారములు నిండినప్పటి నుండి వెల్లకిలా పడుకోకుండా ప్రక్కకు తిరిగి పడుకోవాలి. వెల్లకిలా పడుకొంటే బరువైన గర్భసంచి వెన్నెముక ముందున్న పెద్ద రక్తనాళములను నొక్కుతుంది. గుండెకు తిరిగి వచ్చే రక్తము తగ్గుతుంది, బిడ్డకు అందే రక్తము, ప్రాణవాయువు కూడా తగ్గుతాయి. న్యూజిలాండు, ఆస్ట్రేలియా, బ్రిటన్, అమెరికా దేశములలో జరిగిన అయిదు పరిశోధనలను కలిపి 2019లో లెక్క చూశారు. నెలలు నిండే కాలములో వెల్లకిలా పడుకొని నిద్రకు ఉపక్రమించిన వారిలో బిడ్డ కడుపులోనే చనిపోయే ప్రమాదము సుమారు రెండున్నర రెట్లు ఎక్కువగా కనబడింది. కంగారు పడవద్దు. అటువంటి మరణములు మొత్తము మీద అరుదే. కాని ఖర్చు లేని జాగ్రత్త చేతిలో ఉండగా విడిచిపెట్టడము ఎందుకు?

ఎడమ ప్రక్క మంచిదా, కుడి ప్రక్క మంచిదా అని కొందరు రాత్రంతా మథనపడతారు. ఆ పరిశోధనలలో ఎడమకు, కుడికి తేడా కనబడలేదు. గుండెల్లో మంట ఉన్నవారికి ఎడమ ప్రక్క కొంచెము హాయి. మధ్యలో మెలకువ వచ్చి చూసుకొంటే వెల్లకిలా ఉన్నారా? భయపడక ప్రక్కకు తిరిగి మళ్ళీ పడుకోండి. ముఖ్యమైనది నిద్రకు ఉపక్రమించే తీరు.

ఇక్కడ మన ఊళ్ళలోని ఒక నమ్మకము గురించి చెప్పాలి. కడుపుతో ఉన్నవారు ప్రక్క మారేటప్పుడు లేచి కూర్చొని, తరువాత రెండవ ప్రక్కకు పడుకోవాలనీ, లేకపోతే బొడ్డుత్రాడు బిడ్డ మెడకు చుట్టుకొంటుందనీ అంటారు. ఈ భయముతో రాత్రికి పదిసార్లు లేచి కూర్చొనే అమ్మాయిలు ఉన్నారు. బొడ్డుత్రాడు చుట్టుకొనేది బిడ్డ లోపల తిరిగే తిరుగుడు వలన, తల్లి పొర్లడము వలన కాదు. నాలుగైదు కాన్పులలో ఒకదానిలో త్రాడు మెడకు చుట్టుకొనే ఉంటుంది, వారిలో చాలామంది బిడ్డలు క్షేమముగా పుడుతున్నారు. కనుక పడుకొనే ప్రక్క మారవచ్చు. మంచము దిగేటప్పుడు మాత్రము ప్రక్కకు తిరిగి, చేయి ఊనుకొని నెమ్మదిగా లేవండి.

చేతిలో ఉన్న ఉపాయములు

వీటిలో ఏదీ ఖరీదైనది కాదు. రాత్రి భోజనము పడుకొనుటకు రెండు మూడు గంటల ముందే ముగించండి. పులుసులు, ఊరగాయలు, నూనె వంటకములు రాత్రి పూట తగ్గించండి. చోడి అంబలి, మజ్జిగ అన్నము, పప్పు వంటివి తేలికగా ఉంటాయి. గుండెల్లో మంట ఉంటే మంచము తలవైపు కోళ్ళ క్రింద ఇటుకలు కదలకుండా పెట్టి ఎత్తు చేయండి. క్రింద పడుకొనేవారు మడతపెట్టిన బొంతను తల, భుజముల క్రింద వేసుకోవచ్చు. రెండవ తలగడ లేకపోతే పాత చీరలను చుట్టగా చుట్టి, ఒకటి మోకాళ్ళ మధ్య, ఒకటి పొట్ట క్రింద పెట్టుకొంటే నడుమునొప్పి చాలా తగ్గుతుంది.

పిక్క పట్టినప్పుడు కాలు చాపి, వ్రేళ్ళను ముఖము వైపు వంచి పట్టుకోండి, తరువాత మర్దన చేయండి. నీళ్ళు పగలు బాగా త్రాగి, పడుకొనే ముందు రెండు గంటలు తగ్గించండి. టీ, కాఫీలు మధ్యాహ్నము తరువాత వద్దు. గర్భములో ఆ కాఫీ సత్తు శరీరము నుండి పోవడానికి మామూలు కంటే చాలా ఎక్కువ సేపు పడుతుంది. సాయంకాలము చల్లబడిన తరువాత అరగంట నడవండి. సెల్‌ఫోను పడక మీదికి తేవద్దు. దోమతెర తప్పనిసరి. ముఖ్యముగా మన్యము ప్రాంతములలో మలేరియా తల్లికి, కడుపులోని బిడ్డకు ఇద్దరికీ హాని చేస్తుంది.

మన ఉత్తరాంధ్ర తీరములో కొందరు స్త్రీలకు అడ్డపొగ అలవాటు ఉన్నది. చుట్ట కాలుతున్న కొనను నోటిలో పెట్టుకొని పీల్చే ఈ అలవాటు వలన నోటి పైభాగములో పుండ్లు, క్యాన్సరు వస్తున్నాయని వైద్యులు చాలాకాలముగా చెబుతున్నారు. "చుట్ట కాలిస్తే గాని నిద్ర పట్టదు" అనే పెద్దవారు ఉన్నారు. నిజానికి పొగాకులోని నికోటిన్ నిద్రను చెడగొట్టేదే. బిడ్డ బరువు తగ్గిపోవడానికి కూడా అది కారణము. గర్భవతి దానిని పూర్తిగా మానాలి. ఆమె ఉన్న గదిలో ఇతరులు కూడా కాల్చకూడదు.

నిద్రమాత్ర జోలికి పోవద్దు

"మందుల షాపులో ఒక చిన్న మాత్ర ఇస్తారట, వేసుకొంటే హాయిగా పడుతుందట" అని ఒక సహోదరి అడిగింది. వద్దమ్మా. దీని వెనుక ప్రపంచమంతా ఏడ్చిన కథ ఒకటి ఉన్నది. 1957లో పశ్చిమ జర్మనీలో థాలిడొమైడ్ అనే మాత్రను నిద్రకు, నెమ్మదికి అని అమ్మారు. ఎంతో సురక్షితమని చెప్పారు. వేవిళ్ళతో, నిద్రలేమితో బాధపడే గర్భిణులు ఎన్నో దేశములలో వాడారు. చేతులు, కాళ్ళు సరిగా ఏర్పడని బిడ్డలు పదివేల మందికి పైగా పుట్టారు. 1961 నవంబరులో జర్మనీలో ఆ మందును వెనుకకు తీసుకొన్నారు. అమెరికాలో ఫ్రాన్సిస్ కెల్సీ అనే అధికారిణి, సరియైన ఋజువులు చూపలేదని చెప్పి, ఎంత ఒత్తిడి వచ్చినా ఆ మందుకు అనుమతి ఇవ్వలేదు. ఒక స్త్రీ గట్టిగా నిలబడినందున అక్కడ వేలాది బిడ్డలు తప్పించుకొన్నారు.

ఇప్పటి నిద్రమాత్రలు అదే మందు కాదు. అయినా ఆల్ప్రజోలామ్, డయజిపామ్ వంటివి డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు, కొనకూడదు. నాటుమందులు, చెట్ల వేళ్ళు, సారా చుక్క కూడా అంతే. మరొక హెచ్చరిక. మూర్ఛవ్యాధికో, మానసిక వ్యాధికో డాక్టరు ముందునుండి ఇస్తున్న మందును గర్భము వచ్చిందని ఎవరికి వారు హఠాత్తుగా ఆపకూడదు. అది కూడా ప్రమాదమే. అడిగి చేయండి.

మనసు నిద్రపోనప్పుడు

కొందరికి నడుము నొప్పి లేదు, మంట లేదు, అయినా కన్ను మూతపడదు. క్రితము సారి గర్భము పోయినది జ్ఞాపకము వస్తుంది. ఆపరేషను అవుతుందేమోనని భయము. అప్పు తీరలేదని చింత. ఇద్దరు ఆడపిల్లల తల్లి ఒకామె ఎనిమిదవ నెలలో పాస్టరమ్మగారి చేయి పట్టుకొని, "ఈసారి కూడా ఆడపిల్ల అయితే ఇంటికి తీసుకువెళ్ళరేమోనమ్మా" అని ఏడ్చింది. ఆ ఇంట్లో అందరూ హాయిగా నిద్రపోతున్నారు, ఆమె ఒక్కతే మేలుకొని ఉన్నది. ఆమెకు కావలసినది మందు కాదు. అత్తమామల నోట ఒక్క మంచి మాట. బిడ్డ ఆడా మగా అనేది నిర్ణయమయ్యేది తండ్రి నుండి వచ్చే కణము వలన. తల్లిని నిందించే నోరు ఈ సంగతి ఎరిగి మూసుకోవాలి. ఆ ఇంటికి వెళ్ళి ఈ మాట చెప్పాము, వారు విన్నారు. అన్ని ఇండ్లలోను వింటారని మేము చెప్పలేము, కాని చెప్పడము మానకూడదు.

రెండు వారములకు మించి నిద్ర లేక, ఆకలి లేక, దేనిమీదా ఆశ లేక, ఊరకనే కన్నీళ్ళు వస్తుంటే అది కుంగుబాటు అనే వ్యాధి కావచ్చు. మన వంటి దేశములలో గర్భిణులలో వందకు పదిహేను మందికి పైగా మానసిక బాధలకు, ముఖ్యముగా ఈ వ్యాధికి, లోనవుతారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. ఇది విశ్వాసము తగ్గినందున వచ్చేది కాదు. జ్వరము వచ్చిన వానిని విశ్వాసము లేదంటామా? 14416 అనే టెలి మానస్ నంబరుకు ఏ వేళనైనా ఉచితముగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. ఇంట్లో కొట్టడము, త్రాగి వేధించడము వలన నిద్ర లేనివారు 181 నంబరుకు చెప్పుకోవచ్చు.

భర్తలకు, అత్తలకు

సహోదరులారా, షిఫ్టు మార్చుకోలేరు, నిజమే. కాని ఎనిమిదవ నెల రాకముందే కొన్ని ఏర్పాట్లు చేయగలరు. సి షిఫ్టు వారములో ఆమె దగ్గర తల్లినో, అక్కనో, నమ్మకమైన పొరుగావిడనో పడుకోబెట్టండి. 108 నంబరు, ఆశా కార్యకర్త నంబరు, మీ సెక్షను ఫోను నంబరు గోడమీద పెద్ద అక్షరములతో వ్రాయండి. ఏ ఆసుపత్రికి వెళ్ళాలి, ఎవరు తోడు వెళ్ళాలి, రక్తము ఎవరిస్తారు అనేది ముందే మాట్లాడుకోండి. గుడ్డలు, తల్లీబిడ్డల కార్డు ఒక సంచిలో సర్ది పెట్టండి. "రాత్రి నొప్పులు వస్తే ఎలా?" అనే ప్రశ్నకు జవాబు దొరికిన రోజున సగము నిద్ర తిరిగి వస్తుంది.

పల్లెలలో మరుగుదొడ్డి పెరటిలో ఉంటుంది. రాత్రి మూడుసార్లు వెళ్ళే గర్భిణికి దారిలో దీపము ఉన్నదా? తడి రాయి, పశువుల పలుపుత్రాడు అడ్డు ఉన్నదా? ఆమె లేచినప్పుడు తోడు లేవండి.

అమ్మలారా, అత్తలారా, తల్లీబిడ్డల కార్డులో గర్భిణికి రాత్రి నిద్ర కాక పగలు రెండు గంటల విశ్రాంతి ఉండాలని సలహా ఉన్నది. మధ్యాహ్నము ఆమెను పడుకోనివ్వండి. తెల్లవారుజామున నాలుగింటికి లేపే అలవాటు ఈ నాలుగు నెలలు మీరే మార్చుకోండి. 2004లో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో 131 మంది తొలిచూలు స్త్రీలను పరిశీలించారు. నెలలు నిండిన రోజులలో రాత్రి ఆరు గంటల కంటే తక్కువ నిద్రపోయిన వారికి నొప్పులు ఎక్కువసేపు సాగాయి, ఆపరేషను కాన్పులు కూడా ఎక్కువయ్యాయి. అది చిన్న పరిశోధనే. అయినా రాత్రంతా అలసిన శరీరము మరునాడు కాన్పు కష్టమును ఎలా మోయగలదో పిల్లలను కన్న మీకు మేము చెప్పనక్కరలేదు.

సంఘమునకు ఒక మాట

రాత్రి కూడికలకు, ఉపవాస ప్రార్థనలకు, శ్రమకాల దినములలో ఉపవాసమునకు గర్భిణులు రావాలని, ఉండాలని ఏ కాపరీ బలవంతము చేయకూడదు. రాలేదని స్త్రీల సమాజములో ఎవరూ గుసగుసలాడకూడదు. అలసిపోయి బదరీవృక్షము క్రింద పడుకొన్న ఏలీయాను దేవదూత మందలించలేదు. నిద్రపోనిచ్చి, లేపి, తినిపించి, మళ్ళీ పడుకోనిచ్చాడు. ఆమె ఇంట్లో పడుకొని నిద్రపోతే ఆ నిద్రే ఆమె ఆ రాత్రి చేయవలసిన సేవ.

మైకు విషయము కూడా ఉన్నది. చెన్నైలోని ఒక ప్రార్థనాలయపు వ్యాజ్యములో 2000 ఆగస్టు 30న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఇతరుల నెమ్మదిని చెడగొట్టే విధముగా మైకులు పెట్టి ప్రార్థించాలని ఏ మతమూ చెప్పదని అందులో తేల్చింది. ఆ వ్యాజ్యము మన క్రైస్తవ సంఘము మీదనే వచ్చినదని జ్ఞాపకముంచుకొందాము. అదే సంవత్సరము వచ్చిన శబ్దకాలుష్య నిబంధనల ప్రకారము రాత్రి పది నుండి ఉదయము ఆరు వరకు బయట మైకు ఉండకూడదు. గుడి మైకును గురించి, మసీదు మైకును గురించి మాట్లాడేముందు మన చర్చి మైకును మనమే తగ్గించుకొందాము. ఆ వీధిలో ఎవరి మతస్థురాలైనా ఒక గర్భిణి పడుకొని ఉండవచ్చు.

తెల్లవారే వరకు ఆగకూడనివి

ఇది కత్తిరించి గోడకు అంటించుకోండి.

బిడ్డ కదలికలు తగ్గినట్లు, ఆగినట్లు అనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. ఉదయము చూద్దామని పడుకోకూడదు.

తీవ్రమైన తలనొప్పి, కళ్ళు మసకబారడము, రొమ్ము ఎముక క్రింద కడుపు నొప్పి, ముఖము, చేతులు ఉన్నట్టుండి వాయడము ఇవి రక్తపోటు పెరిగిన గుర్తులు. ఆలస్యమైతే గుర్రపువాతము వచ్చి తల్లి ప్రాణమునకే ముప్పు.

రక్తస్రావము, ఉమ్మనీరు పోవడము, చలిజ్వరము, పడుకొంటే ఊపిరి అందక లేచి కూర్చోవలసి రావడము.

ఒక్క కాలి పిక్క మాత్రమే వాచి, ఎర్రబడి, వేడిగా, నొప్పిగా ఉండడము. ఇది మామూలు పిక్కపట్టు కాదు.

అరచేతులు, అరికాళ్ళు రాత్రి పూట విపరీతముగా దురద పెట్టడము, పైకి దద్దుర్లు లేకపోవడము. ఇది కాలేయమునకు సంబంధించినది కావచ్చు. మరునాడే రక్త పరీక్ష చేయించాలి.

కొత్తగా పెద్ద గురక మొదలై, నిద్రలో ఊపిరి ఆగి ఆగి వస్తుంటే తదుపరి పరీక్షలో చెప్పి రక్తపోటు చూపించుకోవాలి.

కాన్పు తరువాతి మాట కూడా ఒకటి. బాలింత రెండు మూడు రాత్రులు కన్ను మూయకుండా, పొంతన లేని మాటలు మాట్లాడుతూ, ఎవరో పిలుస్తున్నారని, బిడ్డ తనది కాదని అంటుంటే దయ్యము పట్టిందని ఎవరి దగ్గరికీ తీసుకువెళ్ళవద్దు, మా దగ్గరికి కూడా ముందుగా తీసుకురావద్దు. అది వైద్యముతో నయమయ్యే వ్యాధి, అత్యవసరమైన వ్యాధి. ఆమెను, బిడ్డను ఒంటరిగా విడువక నేరుగా పెద్దాసుపత్రికి వెళ్ళండి. ప్రార్థన ఆసుపత్రి వరండాలో కూడా చేయవచ్చు.

మన విశాఖలో 1923 నుండి కింగ్ జార్జి ఆసుపత్రి ఉన్నది, పాత ఊరివైపు ఘోషా ఆసుపత్రి అని మన పెద్దలు పిలుచుకొనే విక్టోరియా ఆసుపత్రి ఉన్నది. పల్లెలలోని వారికి ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వ ఆరోగ్య కేంద్రములలో గర్భిణులకు ఉచిత పరీక్షలు జరిపే పథకము 2016లో మొదలయ్యింది. ఆ రోజున "నిద్ర పట్టడము లేదు" అనే మాట కూడా డాక్టరుతో చెప్పండి. అడగలేదు గదా అని మానుకోవద్దు.

ఈ పేజీ చదివినవారు దీనిని మడిచి బీరువాలో పెట్టకండి. మీ ఇంట్లోగాని, మీ ప్రక్క ఇంట్లోగాని నెలలు నిండుతున్న ఒక అమ్మాయి ఉంటుంది. ఆమెకు చదివి వినిపించండి. తరువాత "రాత్రి ఎంతసేపు పడుకొన్నావమ్మా?" అని అడిగి, ఆమె చెప్పేది పూర్తిగా వినండి.